సగం దరఖాస్తు

భూపాలపల్లిలో ఉపాధ్యాయులకు మూడు రోజుల శిక్షణ. అంశం 'విమర్శనాత్మక ఆలోచన'. చెప్పేవాణ్ణి నేను. జనగామలో చెప్పాను, మహబూబాబాద్‌లో చెప్పాను, ఇది మూడోది. మూడు చోట్లా అవే స్లైడ్లు, అవే జోకులు. మొదటి స్లైడులో ప్రశ్నించడం గ్రీకు దేశంలో పుడుతుంది. రెండో స్లైడుకు ఐరోపా చేరుతుంది. మూడో స్లైడుకల్లా ఇరవై ఒకటో శతాబ్దపు నైపుణ్యమై మా బడికి వచ్చి కూర్చుంటుంది. మధ్యలో ఈ దిక్కున ఎవరూ ఏమీ ఆలోచించిన దాఖలా లేదు. ఆ స్లైడ్లు నేను తయారు చేసినవి కావు. అట్లాగని వాటి మీద ఒక్క ప్రశ్న కూడా నేను వేయలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి ముందు రెండు కుర్చీలు వేసి ఒక ఆట ఆడిస్తాను. ఒక కుర్చీలో కూర్చుని మీ వాదం చెప్పాలి. తర్వాత లేచి ఎదుటి కుర్చీలోకి మారి, మీకు పడనివాడి వాదం చెప్పాలి. ఎట్లా చెప్పాలంటే, ఆ పడనివాడే వింటే 'అవును, నా మాట ఇదే' అనాలి. మూడు జిల్లాల్లోనూ దీనికే చప్పట్లు ఎక్కువ.

ఆ రోజు అన్నాలు తింటుంటే సొంతూరు తొర్రూరు అయిన ఒక టీచరు నా పక్కకు వచ్చాడు.

"సార్, గీ కుర్సీల ముచ్చట మీ సొంతమేనా?"

"నాదే అనుకోండి. అనుభవంలోంచి వచ్చింది," అన్నాను.

"గట్లనా? మా దిక్కు దరఖాస్తులు రాసే సాబొకాయన ఉండె. అచ్చం గిట్లనే చేపిస్తుండె. మొన్న రంజాన్ల పోయిండు పాపం. మీకు ఎర్కనా ఆయన?"

"తెలియదు," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందంటే, ఆయన ఇంకో చెంచా పప్పు వేసుకుని వెళ్లిపోయాడు. నేను ప్లేటు పట్టుకుని నల్లా దగ్గరికి పోయి చాలాసేపు కడిగాను. కడిగిన ప్లేటునే మళ్లీ కడిగాను. సిగ్గనిపించింది. అంతకన్నా మర్యాదైన మాట వెతకను.

ఆయన నాకు తెలుసు. పేరు మాత్రం రాయను, దాన్ని వాడుకునే హక్కు పోగొట్టుకున్నాను. ఆయన కూర్చున్నది ఏ ఆఫీసు ముందరో కూడా రాయను. సోమవారం సోమవారం జనం కాగితాలు పట్టుకుని వరుస కట్టే ఆఫీసు. ఆ ప్రహరీ లోపల, సైకిల్ స్టాండు రేకుల కింద ఆయన మేజా ఉండేది. మేజా ముందు రెండు ఇనుప మడత కుర్చీలు. ఒకటి వచ్చినవాడిది. రెండోది ఎవరి మీద దరఖాస్తు పెడుతున్నారో వాడిది. వాడు ఎట్లాగూ రాడు కాబట్టి, వచ్చినవాడే లేచి అందులో కూర్చోవాలి. కూర్చుని వాడి మాటలు చెప్పాలి. అది అయితేనే సాబు అసలు కాగితం తీసేవాడు.

సన్నటి మనిషి. గడ్డం ఎప్పుడూ నాలుగు రోజులది. పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడేవాడు, అందువల్ల సగం మాటలు ఈల వేసినట్టు వినబడేవి. చిత్తు రాయడానికి పాత పెళ్లి పత్రికలు ఒక కట్ట. పెళ్లి పత్రికల వెనక ఖాళీ జాగా ఉంటుంది కదా, అది. రాయడానికి రెండు పెన్నులూ ఒక పెన్సిలూ. వచ్చినవాడు ఒక్కో మాట చెబుతుంటే ఆపేవాడు.

"నీ కండ్లతోటి చూసినవా? ఎవరన్న చెప్పిన్రా? నువ్వే అనుకున్నవా?"

చూసింది నీలం పెన్నుతో. విన్నది ఎర్ర పెన్నుతో. అనుకున్నది పెన్సిలుతో. అంతా అయ్యాక జేబులోంచి రబ్బరు తీసి పెన్సిలు మాటలన్నీ తుడిచేవాడు. ఎర్ర మాటల్లో చెప్పినవాళ్ల పేర్లున్నవే ఉంచేవాడు. పొద్దంతా చెప్పుకున్న గోడు చివరకు నాలుగు వరుసలై కూర్చునేది. ఆ నాలుగు వరుసలు చూసి జనం ఉసూరుమనేవారు. పక్కనే కంప్యూటరు పెట్టుకున్న కుర్రాయన రెండు పేజీలు కొట్టిచ్చేవాడు, అందులో 'ఘోర అన్యాయం' పది సార్లు ఉండేది.

"అన్యాయం అని రాయొద్దు," అనేవాడు సాబు. "ఏం జరిగిందో రాయాలె. అన్యాయమా కాదా అన్నది చదివెటోని నోట్లకెళ్లి రావాలె. నువ్వే అన్నవనుకో, ఆయనకు అనే పని ఉండదు."

నేను మొదటిసారి పోయింది నా సొంత పని మీద. అప్పుడు భూపాలపల్లి అవతల అడవి పక్క బడిలో పనిచేస్తున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఖాళీ నాకు రావాలి, నాకన్నా తక్కువ సర్వీసున్న ఒక టీచరమ్మకు ఇచ్చారు. దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టిందని స్టాఫ్ రూములో అందరూ అన్నారు.

"పంతులువి, నువ్వే రాసుకోవచ్చు గద," అన్నాడు.

"మీరు రాస్తే పని అయితదని చెప్పిన్రు."

"ఎవరు చెప్పిన్రు?" అని నవ్వి ఎర్ర పెన్ను తీశాడు.

ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమెలాగా మాట్లాడమన్నాడు. నోరు తెరిచాను. ఆమె గురించి నాకు తెలిసింది ఏమీ లేదు. జబ్బు ఏమిటో తెలియదు, ఇంట్లో ఎవరున్నారో తెలియదు, మొహం కూడా సరిగా గుర్తు లేదు. తెలిసిందల్లా నా కుళ్లు ఒక్కటే. ఆ రేకుల కింద నలుగురు చూస్తుండగా ఆ కుళ్లుతో కాసేపు అట్లా కూర్చున్నాను. చివరకు నా దరఖాస్తు ఒక్క వరుస అయింది: ఏ కారణం మీద ఇచ్చారో తెలియజేయగలరు. దానికి జవాబు రాలేదు. తర్వాత మామూలు వరుసలో బదిలీ వచ్చింది. సాబు మీద నాకు కోపం రాలేదు, ఎందుకో. సోమవారం సెలవు దొరికితే పోయి ఆ మేజా పక్కన నిలబడేవాణ్ణి.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని ఒకరోజు అడిగాను. చిన్నప్పుడు మదరసాలో ఒక ఉస్తాదు ఉండేవాడట. పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదన పెట్టించేవాడట. దానికి ఒక అదబు ఉంది, అంటే మర్యాద: జవాబిచ్చే ముందు ఎదుటివాడి మాటను వాడికన్నా బాగా చెప్పాలి. వాడు తల ఊపేదాకా నీ వంతు రాదు. నేను పనిచేసే బళ్లో తెలుగు పండితుడు కూడా ఇదే చెప్పేవాడు. పాత శాస్త్రాల్లో ముందు పూర్వపక్షం, అంటే అవతలివాడి వాదం. అది సరిగ్గా నిలబెట్టిన తర్వాతే సిద్ధాంతమని. కళ్లతో చూసింది, ఊహించింది, ఒకరు చెప్పగా విన్నది వేరు వేరని వందల ఏళ్ల కిందటే జుట్లు పట్టుకున్నంత పని చేశారని. ఆ సంగతి సాబుకు చెప్పాను.

"ఉంటది," అన్నాడు. "అబద్ధమాడెటోళ్లు అన్ని దేశాల్ల ఉన్నరు గద. మందు గూడ అన్ని దేశాల్ల ఉంటది."

ఆయన్ను దేవుణ్ణి చేయడం లేదు. మూర్ఖుడు. ఒకసారి తండా నుంచి ఒకామె వచ్చింది. కొడుకు ట్రాక్టరు కింద పడి చనిపోయి నెల కాలేదు. ఆమెను కూడా లేపి ఎదుటి కుర్చీలో కూర్చోమన్నాడు, ట్రాక్టరు ఓనరు మాటలు చెప్పమన్నాడు. ఆమె కూర్చుంది. "నీ కొడుకు తాగి అడ్డం వచ్చిండు," అన్నది. అంతే, కొంగు నోట్లో కుక్కుకుని లేచి కంప్యూటరాయన దగ్గరికి పోయింది. నాకు ఒళ్లు మండింది. ఇదేం పద్ధతి సాబ్ అని గట్టిగానే అడిగాను. సాబు ఇంకో పెళ్లి పత్రిక తిప్పాడు. తర్వాత తెలిసింది, ఆ రెండు పేజీల కాగితం లోపలికి పోగానే అడిగిన మొదటి ప్రశ్న అదేనట, పిల్లవాడు తాగి ఉన్నాడా అని. ఆమె దగ్గర జవాబు లేదు. ఈ మాట సాబుకు చెప్పి, మీరే గెలిచారన్నట్టు చూశాను.

"అడగాల్సిందే అడిగిన. అడిగిన తీరు మంచిగ లేకుండె," అన్నాడు. ఆ తర్వాత కుర్చీ మార్చమనే ముందు వచ్చినవాళ్లకు ఒక చాయ్ తెప్పించేవాడు. పద్ధతి మాత్రం మార్చలేదు.

ఇక మా అన్న సంగతి. మా భూమి ఇద్దరికీ ఉమ్మడి, చేసేది అన్న. ఆ భూమికీ ఇంకో ఏడుగురి పొలాలకూ పోయే బండ్ల బాటను, మధ్యలో కొత్తగా భూమి కొన్నాయన రాతి కడీలు పాతి మూసేశాడు. ఎనిమిది మంది కలిసి సాబు దగ్గరికి వచ్చారు. తీసుకొచ్చింది నేనే. అన్న పెద్దమనిషిగా ముందు కూర్చున్నాడు, చెప్పాడు, చాయ్ తాగాడు, లేచి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. మొదట నవ్వులాటగానే మొదలుపెట్టాడు.

"ఊరి నక్షల బాట లేదు. పాత పట్టేదారు మొగమాటానికి పోనిచ్చిండు. నేనెందుకు పోనియ్యాలె?"

"ఇంక?" అన్నాడు సాబు.

"మీ ట్రాక్టర్లు నా మడి తొక్కుతున్నయి."

"ఇంక?"

అన్నకు ఊపు వచ్చింది. చేతులు తిప్పుతున్నాడు. అవతలివాడే అయిపోయాడు.

"మీ బాటే అయితే, పోయినేడు వచ్చి ఆ జాగ నీ ఒక్కనికి అమ్మమని నన్నెందుకు అడిగితివి?"

అన్నాక గానీ తాను ఏమన్నాడో అన్నకు తెలియలేదు. వెనక నిలబడ్డ ఏడుగురూ అన్న వైపు తిరిగారు. బాటను తన ఒక్కడి పేర కొనుక్కోవాలని చూశాడని అప్పటిదాకా వాళ్లెవరికీ తెలియదు, నాకూ తెలియదు. సాబు ఆ మాటను నీలం పెన్నుతో రాసుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా నడిచిన బాట, నడిచిన హక్కు మీద అడగండి, నక్షా మీద అడగకండి అని చెప్పి నాలుగు వరుసలు రాసిచ్చాడు. లోపల విచారణలో కడీలాయన కూడా అన్న కొనడానికి వచ్చిన సంగతే పట్టుకున్నాడు. లోపలివాళ్లు కోర్టుకు పొమ్మన్నారు. బయటికి రాగానే అన్న అరిచాడు: "వానికెట్ల తెలిసింది గా ముచ్చట? సాబే చెప్పిండు! ఇటు మన నోట్లకెళ్లి గుంజుతడు, అటు చేరేస్తడు!"

కడీలాయనకు ఎట్లా తెలుస్తుందేమిటి, అడిగింది ఆయన్నే కదా! ఇది చిన్నపిల్లవాడికి కూడా తెలిసే మాట. కానీ ఆ ఏడుగురూ అన్నతో ఊళ్లో బతకాలి. అన్న తప్పు అనుకోవడం కన్నా సాబు తప్పు అనుకోవడం సులువు. రెండు వారాల్లో ఊరంతా ఒక్కటే మాట, సాబు ఎదుటివాళ్ల మనిషని.

సాబు మీదే దరఖాస్తు పెడదామని మళ్లీ సోమవారం ఎనిమిది మందీ వచ్చారు. నన్నూ పిలిచాడు అన్న. "సదువుకున్నోని దస్కతు ఉంటే వజనుంటది తమ్మీ. భూమి నీది గూడనాయె." ఆ రోజు కరెంటు లేదు. కంప్యూటరాయన తాళమేసుకుని పోయాడు. రాసేవాళ్లు ఇంకెవరూ లేరు. ప్రహరీ దగ్గర గుంపుగా నిలబడి గుసగుసలాడుతుంటే సాబే పిలిచాడు.

"ఏంది, నా మీదనేనా? రాండ్రి, కూసోండ్రి. రాస్త."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్న పోయి కూర్చున్నాడు. సాబు పెళ్లి పత్రిక తిప్పాడు, పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకున్నాడు, అడిగాడు.

"ఏం చేసిన నేను?"

"నువ్వు వానికి అమ్ముడువోయినవ్."

"చూసినవా?"

"... అనుకుంటున్న."

పెన్సిలుతో రాశాడు.

"వానితోని హోటల్ల చాయ్ తాగినవట."

ఎర్ర పెన్నుతో రాశాడు. ఎవరు చెప్పారో పేరు అడిగాడు, ఎవరూ చెప్పలేదు. వెనక నుంచి ఒకాయన, "గాళ్ల జాతే గంత, గది గూడ రాయుండ్రి," అన్నాడు. సాబు తల ఎత్తలేదు.

"గది రాస్తే దరఖాస్తు పలుచనైతది. రాయను," అన్నాడు, అచ్చం నా బదిలీ కాగితం గురించి చెప్పినంత మామూలుగా.

రబ్బరు తీసి పెన్సిలు మాట తుడిచాడు, పేరు లేని ఎర్ర మాట కొట్టేశాడు. పత్రిక మీద దాదాపు ఏమీ మిగల్లేదు. అన్న మొహం ఎర్రగా అయింది. సాబు కాసేపు ఆ ఖాళీని చూసి, "ఒకటి మర్చిపోయిన్రు మీరు," అన్నాడు. "గీ ప్రహరీ లోపట కూసునుటానికి నాకు లైసెన్సు లేదు. గిన్నేండ్ల సంది ఊకెనే కూసుంటున్న. గది నీలం పెన్నుతోటి రాయొచ్చు."

రాశాడు. దాని కింద ఇంకోటి: వచ్చినవారి లోగుట్టును పదిమంది ముందు చెప్పిస్తున్నాడు, అది అవతలివారికి చేరే వీలుంది. అందులో అబద్ధం లేదు. మంచి కాగితం తీసి శుభ్రంగా నకలు రాశాడు. ఆయన రాసిన అన్నింటిలోనూ బలమైన దరఖాస్తు అదే. చదువుతుంటే నాకే నమ్మకం కుదిరింది.

"ఇగ నా దిక్కు ఎవరు చెప్తరు?" అని ఎదుటి కుర్చీ చూపించాడు.

అన్న లేవలేదు. ఏడుగురూ కదల్లేదు. సాబు నా వైపు చూశాడు.

"పంతులూ, నువ్వు కూసో. నీకు ఎర్క గద."

నాకు ఎరుకే. ప్రతి మాటా ఎరుకే. కొనడానికి పోయిన సంగతి అన్న నోటితోనే వచ్చిందనీ, అది అవతలివాడికి ముందే తెలుసుననీ, ఈ మనిషి ఎన్ని అబద్ధాల దరఖాస్తులు పుట్టకముందే చంపాడో నేను చూశాననీ. నా దగ్గర అంతా నీలం పెన్నే. అన్న నన్నే చూస్తున్నాడు. ఆ సాయంత్రం అమ్మ మందులు ఎవరింట్లో, ఎవరి చేతి మీదుగా వేసుకోవాలో నాకు గుర్తొచ్చింది.

"బడికి టైమైతుంది సాబ్," అన్నాను. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. ఆయనకు తెలుసు, మేజా దగ్గరికి రాగానే నేనే చెప్పాను.

"అయితే గిది సగం దరఖాస్తే," అన్నాడు. "ఇన్నేండ్లల్ల సగం దరఖాస్తు ఎవలకూ ఇయ్యలే. తీస్కపోండ్రి."

సంతకం పెట్టడానికి నా జేబులో పెన్ను ఉంది. కానీ ఆయన తన పెన్ను అందించాడు, నేను తీసుకున్నాను. నెల తిరక్కుండానే మేజా తీసేయమన్నారు. కారణం ఒక్కటే రాశారు, లైసెన్సు. అన్నకు బాట మాత్రం రాలేదు. ఇవాళ్టికీ ఎనిమిది మందీ చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగే పోతున్నారు.

ఏడాదికి నన్ను శిక్షణలకు ఎంపిక చేశారు. రెండు కుర్చీల ఆట పెట్టాలని అప్పుడే అనుకున్నాను. అందుకు ఒక మాట అడగాలనో, క్షమాపణ చెప్పాలనో, ఏదో ఒకటి చేయాలని తొర్రూరులో ఆయన ఇంటికి పోయాను. సందు చివర రెండు గదుల ఇల్లు. సాబు మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. రాయించుకోవడానికి ఇంటికి కూడా ఎవరూ రావడం లేదని చాచీ, అంటే ఆయన భార్య, చాయ్ ఇస్తూ చెప్పింది. సాబు ఆమె వైపు చూసి ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

"సాబ్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

"ఆగు. ముందు నీ దిక్కు నేను చెప్త."

చెప్పాడు. భూమి ఉమ్మడిది. అమ్మ అన్న దగ్గర ఉన్నది. ఎనిమిది మందితో పడితే ఊళ్లోకి పోయేదెట్లా. నేను నోరు తెరిచినా లైసెన్సు లేనిది లేనట్టే ఉంటుంది, మేజా ఎట్లాగూ పోతుంది. అంటే నా మౌనం వల్ల ఆయన పోలేదు, రూలు వల్ల పోయాడు. మరి పోయేదాని కోసం ఇల్లు ఎందుకు చెడగొట్టుకోవాలి? నేను రాత్రుళ్లు నాకు నేను చెప్పుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి, నాకు తోచనివి రెండు ఎక్కువ కూడా ఉన్నాయి. ఎక్కడా వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

"సరిగ్గ చెప్పిన్నా? గిది నీ మాటేనా?"

"అవును సాబ్."

"మరి ఇప్పుడు నా దిక్కు నువ్వు చెప్పు."

చాచీ గడప దగ్గర నిలబడి ఉంది. అన్న అక్కడ లేడు, ఊరు లేదు, దస్కతు లేదు. వినేది ఇద్దరు ముసలివాళ్లు. చెప్పి ఉంటే ఎవరికీ ఏమీ నష్టం లేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "బస్సుంది సాబ్," అన్నాను.

"పోదువు పా," అని చెప్పులేసుకుని వెంట వచ్చాడు. బస్టాండులో వరంగల్ బస్సు అప్పుడే వచ్చి ఆగుతోంది, జనం ఎగబడుతున్నారు. నాకన్నా ముందు ఉరికి, కిటికీలోంచి తన తువాలు సీటు మీదికి విసిరాడు. "మూడోది. పో, ఎక్కు," అన్నాడు. ఎక్కేసరికి ఆ సీట్లో ఎవరో పెద్దాయన తువాలు పక్కకు జరిపి కూర్చుని ఉన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ముందు ఎవరు వేశారు, ఎవరు చూశారు, తువాలు ఎవరిది, దాన్ని ముట్టుకునే హక్కు ఎవరిచ్చారు అని బస్సంతా వినబడేలా ఒక్కొక్కటి అడిగాను. కండక్టరు నా మాటే న్యాయమన్నాడు, పెద్దాయన లేచి నిలబడ్డాడు. నేను కూర్చున్నాను. సాబు కింద కిటికీ పక్కనే నిలబడి అంతా విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ పంతులూ," అన్నాడు.